సర్వర్ ఆగిపోతే సులువే, నెమ్మదిస్తేనే చిక్కు

ఆఫీసు సర్వర్ పూర్తిగా ఆగిపోతే పని తేలిక. దీపం వెలగని పోర్టు, తిరగని ఫ్యాను, చచ్చిపోయిన పవర్ సప్లై కంటికే కనిపిస్తాయి. ఆ భాగం మార్చితే పని మొదలవుతుంది. చిక్కంతా సగం చచ్చిన భాగాలతోనే. పింగ్ (చిన్న ప్యాకెట్ పంపి జవాబు చూసే పరీక్ష) కొడితే జవాబు వస్తుంది, ఫోల్డర్ తెరుచుకుంటుంది, కానీ నిన్న రెండు నిమిషాల్లో కాపీ అయిన ఫైలు ఇవాళ ఇరవై నిమిషాలు తీసుకుంటుంది. ఒకరు ఇంటర్నెట్ అంటారు, ఒకరు వైరస్ అంటారు, ఇంకొకరు లేచి వెళ్ళి రీస్టార్ట్ కొట్టేస్తారు.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఆ రీస్టార్టే. ఎన్ని ఫ్రేములు (తీగ మీద పోయే డేటా ముక్కలు) చెడిపోయి వచ్చాయి, ఎన్నిటిని అందుకోలేక వదిలేసింది అని నెట్‌వర్క్ కార్డు రాసి పెట్టుకున్న లెక్కలన్నీ దాంతో సున్నా అవుతాయి. కాసేపు వేగం బాగుపడినట్టే ఉంటుంది, రెండు రోజులకు కథ మళ్ళీ మొదటికొస్తుంది, ఈసారి చేతిలో ఆధారం కూడా ఉండదు. అందుకని దేన్నీ ముట్టుకోకముందే ఆ అంకెల్ని ఒక ఫైల్లోకి దించుకోవాలి. సగం చచ్చిన హార్డ్‌వేర్ తన జబ్బును చెప్పుకునేది ఆ అంకెల్లోనే.

అంకే ఆనవాలు

"నెట్‌వర్క్ స్లోగా ఉంది" అన్న ఫిర్యాదును ఉన్నదున్నట్టు తీసుకోకూడదు. అందరికీ స్లోగా ఉందా, ఒక్కరికేనా? సర్వర్ నుంచి తెచ్చుకునేటప్పుడా, సర్వర్‌లోకి పంపేటప్పుడా? ఒక పెద్ద ఫైలా, వేల చిన్న ఫైళ్ళా? ఒక్కరికే అయితే వెతకాల్సింది ఆ ఒక్కరి కంప్యూటర్ నుంచి స్విచ్ దాకానే. అందరికీ అయితే సర్వర్, దాని కేబుల్, అది తగిలించిన స్విచ్ పోర్టు. ఒకే అంతస్తులో వాళ్ళకైతే ఆ అంతస్తు స్విచ్ నుంచి వచ్చే అప్‌లింక్ (ప్రధాన స్విచ్‌కి కలిపే లింకు).

తర్వాత ఒక పెద్ద ఫైలు, కనీసం 2 గిగాబైట్లది, కాపీ చేసి నిలకడగా ఎంత వేగం వస్తుందో చూడాలి. లింకు వేగాన్ని మెగాబిట్లలో చెబుతారు, కాపీ విండో మెగాబైట్లలో చూపిస్తుంది. ఎనిమిది బిట్లు ఒక బైటు. హెడర్ల ఖర్చు పోగా గిగాబిట్ లింకు మీద ఆరోగ్యంగా ఉన్న కాపీ సెకనుకు 110 నుంచి 118 మెగాబైట్ల దగ్గర నిలబడుతుంది. 100 మెగాబిట్ లింకు మీద 11 నుంచి 12 దగ్గర.

కాపీ సరిగ్గా 11 దగ్గర గీత గీసినట్టు ఆగిపోతుంటే ఇక వెతకక్కర్లేదు, లింకు ఎక్కడో 100కి దిగిపోయింది. నిలకడ లేకుండా 80కి ఎక్కి, సున్నాకి పడి, మళ్ళీ ఎక్కుతుంటే ఫ్రేములు పోతున్నాయనో, డిస్కు అందుకోలేకపోతోందనో అనుమానించాలి. వేగం బాగానే ఉండి ప్రతి పనీ మొదలవడానికి మాత్రమే దాదాపు 5 సెకన్లు పడుతుంటే అది కేబుల్ పని కాదు. లినక్స్ మామూలు సెట్టింగుల్లో ఒక డీఎన్‌ఎస్ సర్వర్ (పేర్లను చిరునామాలుగా మార్చి చెప్పేది) జవాబు కోసం 5 సెకన్లు ఎదురుచూసి, ఆ తర్వాతే రెండోదాన్ని అడుగుతుంది. జాబితాలో మొదటి డీఎన్‌ఎస్ చచ్చిపోయి ఉందన్నమాట. దీనికోసం స్విచ్చులు మార్చినవాళ్ళు ఉన్నారు.

నాలుగు జతల వైరు

కేబుల్లో ఎనిమిది వైర్లు, నాలుగు జతలు. 100 మెగాబిట్ ఈథర్‌నెట్‌కి రెండు జతలే చాలు: 1, 2, 3, 6 పిన్నులు. గిగాబిట్‌కి నాలుగు జతలూ కావాలి. 4, 5, 7, 8 పిన్నుల్లో, అంటే నీలం జతలోనో గోధుమ రంగు జతలోనో ఒక్క వైరు తెగినా, కనెక్టర్లో సరిగ్గా తగలకపోయినా గిగాబిట్ నిలవదు. చాలా కార్డులు అప్పుడు చేతులెత్తేయకుండా 100కి దిగి పని నడిపిస్తాయి. దీపం వెలుగుతూనే ఉంటుంది. పదో వంతు వేగంతో ఆఫీసు నడుస్తూనే ఉంటుంది.

లినక్స్‌లో ఈథ్‌టూల్ కమాండ్ పక్కన ఇంటర్‌ఫేస్ పేరు ఇస్తే స్పీడ్, డూప్లెక్స్ (రెండు వైపులా ఒకేసారి మాట్లాడితే ఫుల్, ఒకరి తర్వాత ఒకరైతే హాఫ్), ఆటో నెగోషియేషన్ (రెండు కొనలూ సంప్రదించుకుని ఇవి కుదుర్చుకోవడం) మూడూ కనిపిస్తాయి. విండోస్‌లో పవర్‌షెల్ తెరిచి గెట్ నెట్‌అడాప్టర్ అన్న కమాండ్ ఇస్తే లింక్ స్పీడ్ వస్తుంది. 100 అని కనబడగానే చాలామంది చేసే తప్పు, సెట్టింగ్స్‌లోకి వెళ్ళి వేగాన్ని చేత్తో బిగించడం. రాగి తీగ మీద గిగాబిట్‌కి ఆటో నెగోషియేషన్ ప్రమాణంలోనే తప్పనిసరి. దాన్ని ఆపితే బాగుపడేది ఏమీ లేదు.

పైగా అక్కడి నుంచే అసలు తంటా మొదలవుతుంది. సర్వర్ వైపు 100 ఫుల్ డూప్లెక్స్ అని బిగించి, స్విచ్‌ని ఆటోలో వదిలేశారనుకోండి. స్విచ్‌కి అవతలి నుంచి సంప్రదింపు సంకేతాలు రావు. సిగ్నల్ చూసి వేగం 100 అని పట్టుకోగలదు కానీ డూప్లెక్స్ తెలుసుకునే దారి లేదు. అలాంటప్పుడు హాఫ్ అనుకోవాలని ప్రమాణం చెబుతుంది. ఇప్పుడు సర్వర్ ఎప్పుడు పడితే అప్పుడు మాట్లాడుతుంది. స్విచ్ మాత్రం తాను మాట్లాడుతుండగా అవతలి గొంతు వినబడితే ఢీకొన్నట్టే లెక్కేసి, పంపుతున్న ఫ్రేమును మధ్యలో తెంపేస్తుంది. స్విచ్ పోర్టులో లేట్ కొలిజన్లు (ఆలస్యంగా జరిగిన ఢీలు), సర్వర్ కార్డులో సీఆర్‌సీ తప్పులు (చెడిపోయి చేరిన ఫ్రేములు) పేరుకుంటాయి. ఈ రెండూ జంటగా కనబడితే డూప్లెక్స్ పొంతన లేదనే అర్థం. పింగ్ మాత్రం శుభ్రంగా వెళ్ళొస్తుంది. చిన్న ప్యాకెట్ ఒకటి వెళ్ళి, ఒకటి తిరిగొస్తే ఎదురెదురు పడే సందర్భమే రాదు కదా. "పింగ్ బాగానే ఉంది, నెట్‌వర్క్ తప్పు కాదు" అనే తీర్పు అందుకే నమ్మదగింది కాదు.

రెండు వైపులా ఆటోలో పెట్టండి. ఆటోలో పెడితే 100కే వస్తోందంటే కేబుల్ మార్చండి.

తప్పుల లెక్క చదవడం

ఈథ్‌టూల్‌కి హైఫన్, పెద్ద బడి (క్యాపిటల్) ఎస్ కలిపితే కార్డు లెక్కలన్నీ బయటపడతాయి. వందకు పైగా వరసలు రావచ్చు, పేర్లు డ్రైవర్‌ని బట్టి మారతాయి. పట్టించుకోవాల్సినవి కొన్నే. నిర్వహణ సౌకర్యం ఉన్న స్విచ్ అయితే ప్రతి పోర్టుకీ ఇలాంటి పట్టికే ఉంటుంది, రెంటినీ పక్కపక్కన పెట్టుకుని చూడాలి.

సీఆర్‌సీ తప్పు అంటే ఫ్రేము దారిలో చెడిపోయింది. ఈ లెక్క పడేది పంపినవాడి దగ్గర కాదు, అందుకున్నవాడి దగ్గర. సర్వర్ కార్డులో సీఆర్‌సీ పెరుగుతుంటే దోషం స్విచ్ పోర్టు నుంచి సర్వర్ దాకా వచ్చే దారిలో ఉంది: స్విచ్ పంపే భాగం, కేబుల్, సర్వర్ అందుకునే భాగం. స్విచ్ పోర్టులో పెరుగుతుంటే దానికి తలకిందులు. కార్డు తప్పు చూపిస్తోంది కాబట్టి కార్డే పోయిందనుకోవడం, అద్దంలో మరక కనబడితే అద్దం తుడిచినట్టు.

డ్రాప్ వేరు, తప్పు వేరు. మిస్డ్ అనో ఫిఫో అనో ఉన్న వరస పెరుగుతుంటే ఫ్రేములు క్షేమంగా చేరాయి కానీ సర్వర్ వాటిని వేళకి ఎత్తుకోలేకపోయింది. ఇది కేబుల్ మార్చితే పోదు. కార్డు రింగ్ బఫర్ (వచ్చిన ఫ్రేములు సర్వర్ ఎత్తుకునేదాకా ఉండే చోటు) చిన్నదై ఉండొచ్చు. ఈథ్‌టూల్‌కి హైఫన్, చిన్న బడి జీ ఇస్తే ఇప్పుడెంత ఉంది, గరిష్ఠం ఎంత అని రెండూ చూపిస్తుంది. పెద్ద బడి జీతో పెంచవచ్చు. లేదా ఇంటరప్టులన్నీ (ఫ్రేము వచ్చిందని కార్డు సీపీయూని పిలిచే సంకేతాలు) ఒకే సీపీయూ కోరు మీద పడుతుండొచ్చు. మొత్తం సీపీయూ 12 శాతమే వాడుతున్నట్టు కనిపిస్తుంది, కానీ ఎనిమిది కోర్లలో ఒకటి నూరు శాతం మీద ఉక్కిరిబిక్కిరవుతూ ఉంటుంది. టాప్ కమాండ్‌లో 1 నొక్కి కోర్లను విడివిడిగా చూడాలి. ఇక లినక్స్‌లో మామూలు డ్రాప్ లెక్క ఒక్కటే పెరుగుతుంటే కంగారు వద్దు. సర్వర్‌కి తెలియని ప్రోటోకాల్ ఫ్రేముల్ని పక్కన పడేసినా అందులోకే చేరతాయి.

మొత్తం అంకె కంటే అది పెరిగే వేగం ముఖ్యం. ఏడాదిగా ఆగకుండా నడుస్తున్న సర్వర్‌లో 50 సీఆర్‌సీలు ఉంటే ఎవరో కేబుల్ పీకి పెట్టినప్పటివి కావచ్చు. పెద్ద కాపీ నడుస్తుండగా ఒకసారి చూసి, 60 సెకన్ల తర్వాత మళ్ళీ చూడాలి. ఆ నిమిషంలో ఒక్కటి పెరిగినా మంచి కేబుల్ లక్షణం కాదు.

కొద్ది నష్టానికే ఇంత నెమ్మది ఎందుకు? ప్యాకెట్ పోతే దారి కిక్కిరిసిందనుకుని టీసీపీ (డేటా క్షేమంగా చేరేలా చూసే నెట్‌వర్క్ పద్ధతి) తన వేగాన్ని తనే తగ్గించుకుంటుంది. వైరు చెడిందా, దారి నిండిందా అన్నది దానికి తెలీదు. పాత తరహా టీసీపీ లెక్క ప్రకారం నూటికి ఒక ప్యాకెట్ పోతుంటే, వెళ్ళి రావడానికి 1 మిల్లీసెకను పట్టే దారిలో గిగాబిట్ లింకు కూడా ఒక్కో కనెక్షన్‌కి సుమారు 140 మెగాబిట్లకు పడిపోతుంది. అదే నష్టం 20 మిల్లీసెకన్ల దూరంలో ఉన్న శాఖకు వెళ్ళే దారిలో అయితే 7 మెగాబిట్లు. ఆధునిక పద్ధతులు కొంత మెరుగు, కానీ సందేశం చివరి ప్యాకెట్టే పోతే లినక్స్ కనీసం 200 మిల్లీసెకన్లు ఆగి మళ్ళీ పంపాల్సి రావచ్చు. డేటాబేస్ సాఫ్ట్‌వేర్లు ఒక తెర నింపడానికి వందల చిన్న ప్రశ్నలు వేస్తాయి. అందుకే ఫైలు కాపీ పర్వాలేదనిపిస్తూనే అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ మాత్రం కుంటుతూ ఉంటుంది.

కేబుల్ దగ్గర

దీపాలతో ఒకటి నుంచి ఎనిమిది దాకా లెక్కపెట్టే చిన్న టెస్టర్ వైరు తెగిందో లేదో చెబుతుంది, అంతే. జతలు తప్పుగా కలిపినా దానికి అన్నీ పచ్చగానే కనిపిస్తాయి. రంగుల క్రమం పట్టించుకోకుండా 1-2, 3-4, 5-6, 7-8 అని వరసగా జతలు పెట్టినవాళ్ళ కేబుల్ ఇలాంటిదే. 3, 6 పిన్నులు ఒకే మెలికలో ఉండాలి. వేర్వేరు జతల్లోకి పోతే ఒకదాని సిగ్నల్ పక్కదానిలోకి కారుతుంది. టెస్టర్ పాస్ అంటుంది, గిగాబిట్ తప్పుల మీద తప్పులు చేస్తుంది. కనెక్టర్‌ని వెలుతురులో పట్టుకుని రంగులు చదవడం టెస్టర్ కంటే నమ్మకమైన పరీక్ష.

మిగతావి కంటితోనే పట్టుకోవచ్చు. కొనలో మెలిక విప్పినది 13 మిల్లీమీటర్లు దాటకూడదు. వంపు కేబుల్ మందానికి నాలుగు రెట్లకంటే ఇరుకు కాకూడదు. స్విచ్ నుంచి కంప్యూటర్ దాకా మొత్తం 100 మీటర్లు, అందులో గోడలో 90, రెండు కొనల ప్యాచ్ కార్డులు (పొట్టి కేబుళ్ళు) కలిపి 10. క్యాట్ 6 మీద 10 గిగాబిట్ నడపాలనుకుంటే 55 మీటర్లు దాటి ఆశించొద్దు, పూర్తి 100 మీటర్లకు క్యాట్ 6ఏ కావాలి. గోడలో వేసే ఒంటి తీగ కేబుల్‌కి, పోగుల తీగ కోసం చేసిన ఆర్‌జే45 ప్లగ్గు బిగిస్తే మొదట్లో బాగానే పనిచేస్తుంది. లోపలి పళ్ళు తీగను గట్టిగా పట్టుకోలేవు కాబట్టి నెలలు గడిచాక కదిలినప్పుడల్లా లింకు పడి లేస్తుంది. అల్యూమినియం మీద రాగి పూత వేసిన చౌక కేబుల్ గురించి ఒక్క మాట చాలు: సర్వర్‌కి వద్దు.

మార్చేటప్పుడు ఒకసారి ఒకటే. ముందు బాగుందని తెలిసిన ప్యాచ్ కార్డు వేసి, లెక్కలు చూడాలి. తగ్గకపోతే స్విచ్‌లో వేరే పోర్టు. అప్పటికీ తగ్గకపోతే సర్వర్‌లో వేరే పోర్టు. మూడూ ఒకేసారి మార్చితే పని అయిపోతుంది, కానీ చెడ్డ పోర్టు ఏదో తెలియక రేపు అందులో ఇంకొకటి గుచ్చుతారు.

ఫైబర్ అయితే మొదటి పని శుభ్రం చేయడం. కనెక్టర్ కొనమీద దుమ్ము కణమే వెలుగును అడ్డుకుంటుంది. అందుకు చేసిన క్లీనర్‌తోనే తుడవాలి, చొక్కా అంచుతో కాదు. వెలుగు వస్తోందా అని కంటితో మాత్రం చూడొద్దు. ఈథ్‌టూల్‌కి హైఫన్ ఎం ఇస్తే, సౌకర్యం ఉన్న ఎస్‌ఎఫ్‌పీ మాడ్యూల్ (ఫైబర్ గుచ్చే ముక్క) తనకు అందుతున్న కాంతి బలం చెబుతుంది. మల్టీమోడ్ మీద నడిచే 10 గిగాబిట్ ఎస్‌ఆర్ మాడ్యూల్‌కి మైనస్ 9.9 డీబీఎం కనీసం అందాలి. 3 డెసిబెల్స్ తగ్గితే బలం సగమైనట్టు.

నెట్‌వర్క్‌ని విడిగా కొలవడం

ఫైలు కాపీలో డిస్కు, ఫైల్ షేరింగ్ సాఫ్ట్‌వేర్, యాంటీవైరస్ అన్నీ కలిసి ఉంటాయి. నెట్‌వర్క్‌ని ఒంటరిగా కొలవాలంటే ఐపెర్ఫ్3 వాడాలి. ఇది మెమరీ నుంచి మెమరీకి పంపుతుంది, డిస్కుని ముట్టదు. సర్వర్‌లో హైఫన్ ఎస్‌తో వినే స్థితిలో ఉంచి, కంప్యూటర్‌లో హైఫన్ సీ, సర్వర్ చిరునామా ఇస్తే 10 సెకన్లు పంపి వేగం చెబుతుంది. ఫైర్‌వాల్‌లో 5201 పోర్టు తెరిచి ఉండాలి. గిగాబిట్‌లో 940 మెగాబిట్ల దగ్గర రావాలి. తర్వాత హైఫన్, పెద్ద బడి ఆర్ కలిపి ఎదురు దిశ కొలవాలి. చాలామంది వదిలేసేది ఈ రెండో కొలతనే. ఒక దిశలో 940, ఇంకో దిశలో 200 వస్తే తప్పు ఏ దారిలో ఉందో సగం తేలిపోయినట్టే. Retr అన్న గడిలో మళ్ళీ పంపిన ప్యాకెట్ల సంఖ్య కూడా ఉంటుంది. వేడెక్కాకే మొరాయించే కార్డులు 10 సెకన్లలో దొరకవు. హైఫన్ టీ 1800 ఇచ్చి అరగంట నడపాలి, అదీ ఆఫీసు పని లేని వేళ.

పెద్ద ప్యాకెట్లకే ఇబ్బంది ఉందా అన్నది ఇంకో పరీక్ష. ఎవరో సర్వర్‌లోనూ కంప్యూటర్‌లోనూ ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం) 9000 పెట్టి స్విచ్‌లో మరిచిపోతే లాగిన్ అవుతుంది, చిన్న ఫైళ్ళు వస్తాయి, పెద్దది మొదలవగానే బిగుసుకుపోతుంది. ముక్కలు చేయొద్దన్న షరతుతో పింగ్ కొట్టాలి. విండోస్‌లో హైఫన్ ఎఫ్, హైఫన్ ఎల్ 1472. ఐపీ హెడర్ 20, ఐసీఎంపీ హెడర్ 8 కలిస్తే 1500 అవుతుంది. 9000కి అయితే 8972.

కార్డు, స్లాటు, స్విచ్

10 గిగాబిట్ కార్డు కొని పెట్టినా 3 గిగాబిట్లు దాటకపోతే అది గుచ్చిన స్లాటు చూడండి. కార్డుకి కావలసింది సెకనుకు 1250 మెగాబైట్ల దారి. రెండో తరం పీసీఐ ఎక్స్‌ప్రెస్ ఒక్క లేను (స్లాటులోని ఒక డేటా దారి) ఇచ్చేది 500, మూడో తరంది సుమారు 985. పొడుగ్గా ఉన్న స్లాటులన్నిటికీ లోపల పూర్తి లేన్లు ఉండవు. ఎల్‌ఎస్‌పీసీఐ కమాండ్‌కి హైఫన్, రెండు 'వీ' అక్షరాలు కలిపి రూట్ హక్కుతో ఇస్తే కార్డు సామర్థ్యం, ఇప్పుడు దొరికిన లేన్లు పక్కపక్కనే కనిపిస్తాయి. రాగి కనెక్టర్ 10 గిగాబిట్ కార్డులు బాగా వేడెక్కుతాయి, గాలి తగలని మూలన పెడితే లింకు పడిపోతుంది. కెర్నెల్ సందేశాల్లో నెట్‌డెవ్ వాచ్‌డాగ్, ట్రాన్స్‌మిట్ క్యూ టైమ్డ్ అవుట్ అని కనబడితే కార్డు పంపడం మధ్యలో మొద్దుబారిందని. అది డ్రైవర్ వల్లా కావచ్చు, చిప్పు వల్లా కావచ్చు. డ్రైవర్, ఫర్మ్‌వేర్ కొత్తవి వేసి, అప్పటికీ వస్తుంటే కార్డు మార్చాలి.

రెండు గిగాబిట్ పోర్టుల్ని ఎల్‌ఏసీపీతో (పోర్టుల్ని ఒక జోడీగా కట్టే పద్ధతి) కలిపితే ఒక్కరి కాపీ రెండింతలు కాదు. ఒక కనెక్షన్ ఒకే తీగ మీద పోతుంది, లాభం అందరికీ కలిపి. రెంటిలో ఒకటి ఎప్పుడో చచ్చిపోయి ఎవరికీ తెలియకుండా ఉండటం ఇలాంటి జోడీల్లో మామూలే. లినక్స్‌లో ఈ జోడీ వివరాలుండే బాండింగ్ ఫైల్లో ప్రతి పోర్టు స్థితి, ఎన్నిసార్లు పడిందో ఉంటుంది. అలాగే 20 మంది ఒకేసారి పెద్ద ఫైళ్ళు లాగుతుంటే గిగాబిట్ సర్వర్ ఒక్కొక్కరికి 50 మెగాబిట్లే ఇవ్వగలదు. అది చెడిపోవడం కాదు, చాలకపోవడం.

స్విచ్ దీపాలన్నీ ఒకే తాళంలో పిచ్చిగా కొట్టుకుంటూ, అందరికీ ఒక్కసారే అంతా స్తంభిస్తే లూప్ పడింది, అంటే కేబుల్ దారి చుట్టు తిరిగి మొదటికే చేరింది. బల్ల మీది ఐపీ ఫోన్ రెండు పోర్టుల్నీ గోడ సాకెట్లకే గుచ్చినా చాలు. బ్రాడ్‌కాస్ట్ ఫ్రేముకి ఆయుష్షు లెక్క లేదు కాబట్టి గిరగిరా తిరుగుతూనే ఉంటుంది. స్పానింగ్ ట్రీ (లూపుల్ని పట్టే స్విచ్ సౌకర్యం) నడుస్తుంటే స్విచ్ తనే ఆ పోర్టుని మూస్తుంది. లేకపోతే దీపాలు శాంతించేదాకా కేబుళ్ళు ఒక్కొక్కటే పీకడమే దారి.

నెట్‌వర్క్ నిర్దోషి అయినప్పుడు

ఐపెర్ఫ్3 రెండు దిశల్లోనూ 940 ఇస్తూ, కాపీ మాత్రం 15 మెగాబైట్ల దగ్గర తంటాలు పడుతుంటే స్విచ్ గది నుంచి బయటికి రండి. ఐఓస్టాట్‌కి హైఫన్ ఎక్స్ ఇచ్చి డిస్కు ఎంతసేపు ఆగుతోందో చూడాలి. నిమిషానికి 7200 చుట్లు తిరిగే డిస్కుకి ఒక చుట్టు 8.33 మిల్లీసెకన్లు. కావలసిన చోటు తల కిందికి రావడానికి సగటున అందులో సగం, తల జరగడానికి ఇంకొంత. ఎంత మంచి డిస్కయినా చెల్లాచెదురు పనులు సెకనుకు వంద దాటించడం కష్టం. వేల చిన్న ఫైళ్ళ కాపీ అందుకే పాకుతుంది. కానీ పెద్ద ఫైలు ఒక్కటే చదువుతున్నప్పుడూ ఎదురుచూపు వందల మిల్లీసెకన్లు ఉంటే డిస్కు చెడ్డ చోటును మళ్ళీ మళ్ళీ చదవబోతోంది. డిస్కు తన ఆరోగ్యం గురించి రాసుకునే స్మార్ట్ లెక్కల్లో కరెంట్ పెండింగ్ సెక్టర్ చూడండి. 199వ వరస, సీఆర్‌సీ ఎర్రర్ కౌంట్ పెరుగుతుంటే మాత్రం డిస్కు మార్చేయకండి, ముందు సాటా కేబుల్ మార్చండి. ఇక్కడా అదే సూత్రం, తప్పు దారిలో జరుగుతుంది, లెక్క కొనలో పడుతుంది.

చదవడం బాగుండి రాయడమే హఠాత్తుగా మందగిస్తే రెయిడ్ కార్డు (పలు డిస్కుల్ని కలిపి నడిపేది) బ్యాటరీ సంగతి చూడండి. అది చచ్చిపోతే, కరెంటు పోయినప్పుడు డేటా నష్టపోకూడదని కార్డు తన క్యాష్‌ని (తాత్కాలిక మెమరీని) నమ్మడం మానేసి ప్రతి రాతనీ నేరుగా డిస్కు దాకా పంపుతుంది. ఎక్కడా తప్పు కనిపించదు, వేగం మాత్రం పడిపోతుంది. చెడిన డిస్కు స్థానంలో కొత్తది పెట్టాక రీబిల్డ్ నడుస్తున్నంత సేపూ కూడా ఇంతే, దానికి మందు ఓపికే.

మార్చిన భాగం నిజంగా దోషి అవునా కాదా అన్నది అదే లోడు, అదే రోజు వేళలో, అదే అంకెలు మళ్ళీ చూస్తే గానీ తేలదు. బాగున్నప్పటి ఐపెర్ఫ్3 రెండు దిశల అంకెలు, ఖాళీ వేళ పింగ్ సమయం, పోర్టుల వేగాలు ఒక కాగితం మీద రాసి ర్యాక్ తలుపుకి అంటించి ఉంటే సగం శ్రమ తప్పుతుంది. చెడ్డదని తేలిన ప్యాచ్ కార్డు రెండు కొనలూ ఆ రోజే కత్తిరించి పారేయండి. సొరుగులో పెడితే ఆరు నెలలకు ఎవరో ఒకరు దాన్నే తెచ్చి సర్వర్‌కి తగిలిస్తారు.